కిటికీకి అడ్డం పెట్టిన నీలిపూలు

రూపవతి గారికి రోత కలిగించేవి కొన్ని ఉన్నాయి. మొక్కల చుట్టూ పరిచే ఎర్రరంగు పూసిన చెక్కపొట్టు, పాదుల్లో గుచ్చిన ప్లాస్టిక్ పూలు, శనివారం పొద్దున వచ్చి ఆదివారం విందుకల్లా తోట తయారు కావాలనే మనుషులు. విండ్సర్ ఊరు దాటాక కౌంటీ రోడ్డు మీద ఉన్న ఒక నర్సరీలో పెరెన్నియల్ మొక్కల విభాగం ఆమె చేతిలో ఉంది. ఒకసారి నాటితే ఏటా చలికి పైన ఎండిపోయి, ఎండలు రాగానే వేరు నుంచి మళ్ళీ లేచే మొక్కలవి. వాటి గురించి అడిగితే ఆమె గంటసేపు నిలబడి చెబుతారు. తప్పు చోట నాటుతారని తోస్తే మాత్రం అమ్మరు. కుండీని మెల్లగా వాళ్ళ చేతిలోంచి తీసుకుని మళ్ళీ బల్ల మీద పెట్టేస్తారు.

ఆమెది రేపల్లె దగ్గర ఒక చిన్న ఊరు. బాపట్లలో వ్యవసాయ డిగ్రీ చదివి, పదేళ్ళు వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేసి, భర్త సువార్తరాజు గారితో, కూతురు ఎలీనాతో కెనడా వచ్చారు. వచ్చిన కొత్తలో లెమింగ్టన్ గ్రీన్‌హౌసుల్లో టొమాటోలు కోశారు. తర్వాత ఈ నర్సరీ. సువార్తరాజు గారు కారు సీట్లు తయారుచేసే ప్లాంటులో మధ్యాహ్నం షిఫ్టు చేస్తారు. నేను వాళ్ళు వెళ్ళే చర్చికే వెళతాను. ఇక్కడ రాసిందాంట్లో కొంత నేను చూసింది, మిగిలింది ఆమె నోట విన్నది.

ఆ నర్సరీలో ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైన మొక్క ఫాల్స్ ఇండిగో. అబద్ధపు నీలి అన్నమాట. అసలు నీలిమందు మొక్క దొరకని చోట ఒకప్పుడు దీని ఆకుతో రంగు తీసేవాళ్ళట, అందుకని ఆ పేరు. ఆకు మన వెంపలి ఆకులా ఉంటుంది, పువ్వు బఠాణీ పువ్వులా ఉంటుంది. పసుపు రకం పూసినప్పుడు దూరం నుంచి చూస్తే జనుము చేనే. మొదటి ఏడాది ఆమె దాన్ని చూసి, ఎవరో తెలిసినవాళ్ళు కనబడ్డట్టు ఆగిపోయారట.

"దానికి తొందర ఉండదండి," అనేవారు. "రెండేళ్ళు అసలు కనపడదు. కిందికి వేరు దించుకుంటుంది. మూడో ఏడు చూడాలి దాన్ని. అప్పుడిక ముప్ఫై ఏళ్ళు కదలదు. కదపాలని చూస్తే చస్తుంది."

2021 మే నెలలో విశ్వనాథం గారు నర్సరీకి వచ్చారు. హైదరాబాదు మనిషి. అమెరికాలో కొన్నేళ్ళు ఉండి, ఇటు వచ్చి, నది అవతల డెట్రాయిట్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ మేనేజరుగా చేస్తున్నారు. తెలుగువాళ్ళ కార్యక్రమాల్లో ముందు వరసలో కూర్చునే మనిషి. మాట మెత్తన. ఆ ఏడాదే యూనివర్సిటీకి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక మూల ఇల్లు కొన్నారు.

"మీరే దిక్కు రూపవతి గారూ," అన్నారు. "మూల ఇల్లు కదండి, రెండు వీధుల వాళ్ళూ చూస్తారు. గడ్డి కొంచెం పెరిగితే చాలు, సిటీకి కంప్లైంట్ చేస్తున్నారు. నీళ్ళు పొయ్యక్కర్లేకుండా, ఎవరూ చూసుకోకపోయినా దట్టంగా పెరిగేది ఏదన్నా చెప్పండి."

వారంలో తోట అడగకుండా, ఏళ్ళ తరబడి నిలిచేది అడిగిన మనిషి దొరికాడని ఆమెకు సంతోషమైంది. తన సెలవు రోజున స్వయంగా వెళ్ళి చూశారు. బంకమన్ను. దక్షిణం గోడకు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండ. ఫాల్స్ ఇండిగోకి అంతకన్నా మంచి చోటు ఉండదు. ఆ గోడ అడుగున, నేలమట్టానికి, రెండు చిన్న కిటికీలున్నాయి. వాటి ముందు మట్టి జారకుండా అర్ధచంద్రాకారంలో రేకు దింపి ఉంది.

"ఇక్కడ పెడితే ఇవి మూసుకుపోతాయండి," అన్నారు ఆమె.

"లోపల స్టోరేజేనండి. పాత సామాను. మూసుకుపోతేనే మంచిది, చూడ్డానికి ఏం బాగోలేవు. అక్కడ బాగా ఎత్తుగా, గుబురుగా వచ్చేది పెట్టండి."

సరేనన్నారు ఆమె. ఆ సరేనన్న మాట గురించి తర్వాత నాతో చాలాసార్లు చెప్పారు.

ఆ వారమంతా ఆమె వంటింటి బల్ల మీద కాగితం పరుచుకుని గీశారు. రకాలు ఎంచడంలో ఆమెకు ఉన్నంత పట్టింపు పెళ్ళిచీరలు ఎంచేవాళ్ళకు కూడా ఉండదు. గోడ వారన పాతకాలపు నీలం రకం: నాలుగడుగులు లేస్తుంది, పొద లాగా నిండుగా అల్లుకుంటుంది, జూన్ నుంచి మంచు పడేదాకా వెనక ఏముందో కనపడనివ్వదు. గుమ్మం పక్కన పర్పుల్ స్మోక్, నల్లని కాడల మీద పొగరంగు పూలు. వీధి మూలకు లెమన్ మెరింగ్, అది పొట్టిది, నిటారుగా ఉంటుంది, వాలిపోదు. చెర్రీస్ జూబిలీ అనే గోధుమరంగు రకం నర్సరీలో ఎక్కువగా అమ్ముడుపోతుంది గాని దాన్ని ఆమె దగ్గరికి రానివ్వలేదు. "కుళ్ళిన అరటితొక్క రంగు. డబ్బిచ్చి మరీ దాన్ని గుమ్మంలో పెట్టుకుంటారు జనం," అన్నారు.

తోడు మొక్కల దగ్గర ఇంకా ఆలోచించారు. ఫాల్స్ ఇండిగోకి అడుగున కాళ్ళు బోసిగా ఉంటాయి, అందుకని ముందు వరసలో క్యాట్‌మింట్. అది దట్టంగా పరుచుకుని ఆ బోసితనాన్ని కప్పేస్తుంది. జూన్ దాటాక పూలు అయిపోతాయి కాబట్టి జులైకి కోన్‌ఫ్లవర్లు. ఆకురాలు కాలంలో బంగారంలా మారడానికి ఆమ్సోనియా. మంచులో కూడా నిలబడి ఉండడానికి లిటిల్ బ్లూస్టెమ్ గడ్డి. పియోనీలు ఆయన భార్య అడిగారు గాని, వాటికి ఎరువు కావాలి, దీనికి ఎరువు పెడితే ఒళ్ళు బలిసి పడిపోతుంది, రెంటికీ పొత్తు కుదరదని ఒప్పించారు. చివర్లో ఆమే ఇంకో సలహా కూడా ఇచ్చారు. పూల బరువుకు పెద్దవి పక్కకు వాలతాయి కాబట్టి గోడ దగ్గర ఇనుప రింగులు పెట్టించమన్నారు.

మొక్కలు ఆమే దగ్గరుండి నాటించారు. మరుసటి ఏడాది విశ్వనాథం గారు రెండుసార్లు ఫోన్ చేసి, "ఏంటండీ, పుల్లలు తప్ప ఏం లేవు," అని నిష్ఠూరమాడారు. ఓపిక పట్టమన్నారు ఆమె.

ఆ రెండేళ్ళలో ఊరు మారింది. సెప్టెంబరు వస్తే చర్చిలో వెనక వరసలు కొత్త పిల్లలతో నిండేవి. యూనివర్సిటీ బస్సుల్లో మనవాళ్ళ భాష తప్ప వినపడేది కాదు. నర్సరీలో వారాంతంలో నీళ్ళు పట్టే పనికి ఒక మనిషి కావాలని కాగితం అంటిస్తే, నాలుగు రోజుల్లో మూడొందల రెజ్యూమెలు వచ్చాయి. అందులో బీటెక్కులు, ఎంబీయేలు, ఒక దంత వైద్యురాలు. యజమాని వాటిని చదవలేక పెట్టెలో పడేసి పక్కన పెట్టాడు. రూపవతి గారు ఆ పెట్టె చూసి, "ఈ పిల్లల్ని ఎవరు పిలుస్తున్నారు, ఎక్కడ పడుకోబెడుతున్నారు," అన్నారు. ఎక్కడో పడుకుంటున్నారులే అనుకున్నాం మేమంతా.

2023 జూన్ మొదటి వారం. ఆ రోజు ఆమెకు ఊళ్ళో పళ్ళ డాక్టరు దగ్గర పని పడింది. అది ముగించుకుని, మూడో ఏడు కదా, ఎలా ఉందో చూద్దామని ఆ మూల ఇంటి వైపు కారు తిప్పారు.

ఆమె గీసిన కాగితం నేల మీద లేచి నిలబడ్డట్టు ఉంది. గోడ పొడుగునా నీలం. నడుము దాటి లేచిన కంకులు, ఒక్కొక్క దాని మీద తుమ్మెదలు. అడుగున క్యాట్‌మింట్ పొంగి కాలిబాట మీదికి వచ్చింది. ఆమె కారు దిగి ఫోన్లో ఫోటోలు తీసుకున్నారు. దగ్గరికి వెళ్ళి చూస్తే రింగులు కనపడలేదు. వాటి బదులు కిటికీల మీదుగా గోడకు మరమేకులతో బిగించిన ఇనుప జాలీ ఉంది. మొక్కలు ఆ జాలీకి ఆనుకుని పెరిగాయి. జాలీ మీద, ఆకుల మధ్య, ఉతికిన లోపలి బట్టలు ఆరేసి ఉన్నాయి.

ఆమె వంగి చూశారు. ఆకుల వెనక కిటికీ రెండు వేళ్ళ సందు మేర తెరిచి ఉంది. ఆ సందులోంచి ఒక చెయ్యి వచ్చి బట్టలు తడిమి చూసి, ఇంకా ఆరలేదని వెనక్కి పోయింది.

"ఎవరమ్మా లోపల?" అన్నారు తెలుగులో.

ఆ చెయ్యి మళ్ళీ వచ్చి తడి బట్టలు పక్కకు జరిపింది. తర్వాత, "మేమే ఆంటీ, స్టూడెంట్స్," అని వినపడింది.

ఆ అమ్మాయి పేరు మృదుల. ఖమ్మం వైపు పిల్ల. సప్లై చెయిన్ కోర్సు చదువుతోంది. పక్క గుమ్మం తీసి ఆమెను లోపలికి పిలిచింది, ఎవరైనా పెద్దావిడ తెలుగులో పలకరిస్తే చాలన్నట్టు. మెట్లు దిగుతుండగానే రూపవతి గారికి వాసన తగిలింది. మురుగు, ముక్కిన తడి బట్టలు, ఎప్పుడో మాడిన నూనె, వాటన్నిటి మీదా ఎవరో కొట్టిన సెంటు. ఆమె దుపట్టా అంచు ముక్కుకు అడ్డం పెట్టుకోబోయి, ఆ పిల్ల ముందు బాగోదని దించేశారు.

బాత్రూముల్లో వేలాడదీసే ప్లాస్టిక్ తెరలతో ఆ బేస్‌మెంటును గదులుగా విడదీశారు. ఒక్కో తెర వెనక రెండేసి పరుపులు నేల మీద. పదకొండు మంది ఆడపిల్లలు. ఒకటే బాత్రూము. దాని గోడ మీద నల్లటి బూజు మనిషెత్తున పాకి, చేత్తో అలికినట్టు మెరుస్తోంది. స్నానం చేసిన నీళ్ళు పోక, తొట్టిలో మడమ లోతు నిలబడి ఉన్నాయి, పైన వెంట్రుకల చుట్టలు తేలుతున్నాయి. పొయ్యి పక్కన అన్నం గిన్నె మీద బరువుగా ఒక పుస్తకం పెట్టారు.

"పుస్తకం ఎందుకమ్మా?"

"ఎలుకలాంటీ. మూత నెట్టేస్తున్నయ్."

మృదుల పరుపు ఆ కిటికీ కిందే. మిట్టమధ్యాహ్నం అక్కడ దీపం వెలుగుతోంది.

"ఎండాకాలం వస్తే ఇంకా చీకటైతది ఆంటీ. చలికాలమే నయం, చెట్లు ఎండిపోతయ్ గదా, జర్ర వెలుతురొస్తది. ఈ చెట్లు ఎవరు పెట్టిన్రో గానీ, వాళ్ళ చేతులు పడిపోను అనుకుంటుంటం మేము."

అని నవ్వింది. మళ్ళీ తనే, "కానీ పూలు మాత్రం మస్తుంటయ్. అమ్మకు ఫోటో పంపిన. ఇదే మా ఇల్లు అన్న. ఊరంత చూపిచ్చిందంట," అంది.

రూపవతి గారు కిటికీ రెక్కను చేత్తో తోశారు. జాలీకి తగిలి ఆగిపోయింది. ఇంకోసారి బలంగా తోశారు. రెండు వేళ్ళ సందే. రెండో కిటికీ దగ్గరికి వెళ్ళి తోశారు. అదీ అంతే. పైకి వెళ్ళే మెట్లు పొయ్యి పక్కనుంచే ఉన్నాయి. ఆ పొయ్యి అంటుకుంటే ఈ పదకొండు మందికి ఇంకో దారి లేదు.

"ఆ చెట్లు పెట్టింది నేనేనమ్మా," అన్నారు.

మృదుల ముఖం పాలిపోయింది. సారీ ఆంటీ, సారీ ఆంటీ అని చెయ్యి పట్టుకుంది. రూపవతి గారు ఆ చెయ్యి విడిపించుకుని పైకి వచ్చి, గోడ పక్కనున్న పంపు తిప్పి మోచేతుల దాకా కడుక్కున్నారు. ఇంత చక్కగా పూశాయని ఇందాక తీసుకున్న ఫోటోలు ఫోన్లో ఉన్నాయి. అక్కడే నిలబడి ఒక్కొక్కటీ తీసేశారు. కారు ఎక్కబోతూ కాలవ పక్కన కూర్చుని వాంతి చేసుకున్నారు.

అదే మధ్యాహ్నం ఆమె విశ్వనాథం గారి ఇంటికి వెళ్ళారు. ఆయన ఉండేది ఆ మూల ఇంట్లో కాదు, ఊరి చివర కొత్త ఇళ్ళ వరసలో పెద్ద ఇల్లు. ఆయన వెనక డెక్ మీద కూర్చుని మామిడిపండు కోసుకుంటున్నారు. రసం మణికట్టు మీదుగా కారుతుంటే నాలుకతో అందుకుంటూ, "రండి రండి రూపవతి గారూ, మంచి రసాలు, డెట్రాయిట్‌లో దొరికాయి," అన్నారు.

"ఆ కిటికీలకి జాలీ ఎందుకు కొట్టించారండి?"

"ఏ కిటికీ? ఓ, అదా. రకూన్లండి. ఉడతలు. మొక్కలు కూడా నిలబడతాయి కదాని."

"లోపల పదకొండు మంది ఆడపిల్లలున్నారు."

ఆయన టెంక చీకడం ఆపలేదు. "ఉన్నారండి. ఎయిర్‌పోర్టులో దిగి సూట్‌కేసులేసుకుని రోడ్డు మీద నిలబడితే చేరదీశాను. వాళ్ళ పేరెంట్స్ నాకు దణ్ణాలు పెడుతూ మెసేజ్‌లు పెడతారు, చూపిస్తాను కావాలంటే. మీరు ఎమోషనల్ అవుతున్నారు. నేను కాదంటే వాళ్ళు ఎక్కడికి పోతారు చెప్పండి?"

"నిప్పంటుకుంటే ఎక్కడికి పోతారు?"

"అపశకునం మాటలు ఎందుకండీ." టెంకను పళ్ళెంలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటీ నోట్లో పెట్టుకుని శుభ్రం చేసుకున్నారు. "అయినా ప్లాన్ మీదే కదా. నేనడిగింది నీళ్ళక్కర్లేని మొక్క. కిటికీకి అడ్డంగా ఏది గుబురుగా వస్తుందో ఏరి కోరి గీసిచ్చింది మీరు. సిటీవాడు వచ్చినా అదే చెప్తాను. ఎక్స్‌పర్ట్ ఒపీనియన్ ప్రకారం నాటించాను అంటాను."

రూపవతి గారు ఆ తర్వాత ఏదో అనబోయారట. 'విశ్వనాథం గారూ' అని మొదలుపెట్టబోతే, 'గారు' అన్న మాట నోటికి రాలేదు. ఇరవై ఏళ్ళుగా అందరినీ అలా పిలిచిన నోరు, ఆ ఒక్క మాట దగ్గర మూసుకుపోయింది. "విశ్వనాథం," అన్నారు, "ఆ జాలీ రేపు నేను పీకేస్తాను. అడ్డం రావద్దు." ఆయన భార్య లోపలినుంచి టీ పట్టుకుని వస్తుంటే, ఆమె పక్కనుంచే నడిచి బయటకు వచ్చేశారు.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పారు. "ఒక్క నేలమాళిగలో పదకొండు మందా," అన్నారు సువార్తరాజు గారు. "వెంపలి చెట్లకి నిచ్చెనలేసే కాలం వస్తదని మా నాయనమ్మ అంటుంటే నవ్వేవోళ్ళం." ఎలీనా అప్పుడు యూనివర్సిటీ మూడో ఏడు. "కాల్ ద సిటీ, అమ్మా. టుడే," అంది. అంత తేలిగ్గా లేదని ఆమెకు అప్పటికే తెలుసు.

మరునాడు సువార్తరాజు గారు షిఫ్టుకు వెళ్ళేముందు ఇద్దరూ వెళ్ళి మరమేకులు విప్పి జాలీ ఊడదీశారు. కిటికీల ముందున్న ఆరు మొక్కలను రూపవతి గారు పూలతో సహా నేలమట్టానికి నరికేశారు.  తర్వాత ఆ ఆడపిల్లలను మెట్ల మీద కూర్చోబెట్టి, ఫైర్ ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేయబోతున్నానని చెప్పారు.

పదకొండు మందీ ఒక్కసారి మాట్లాడారు. వద్దాంటీ, మమ్మల్ని రోడ్డు మీద పడేస్తారు. మా స్టడీ పర్మిట్‌కి ఏమన్నా అవుతుందేమో. వాసవి అనే పిల్ల లేచి నిలబడి, "మీకు మా మీద జాలి వేసింది, వెళ్ళి పడుకుంటే పోతుంది. మేము ఎక్కడ పడుకోవాలి?" అంది. రూపవతి గారు వాళ్ళ కింది మెట్టు మీద కూర్చున్నారు. "పదిహేను రోజులు టైమివ్వండి నాకు," అన్నారు. "మీకు చోటు చూశాకే ఫోన్ చేస్తాను."

ఆ పదిహేను రోజులు ఆమె గుమ్మం గుమ్మం తిరిగారు. విండ్సర్‌లో మనవాళ్ళ ఇళ్ళు చిన్నవి కావు. కింద ఖాళీగా పడి ఉన్న బేస్‌మెంట్లు, కిటికీలు, కార్పెట్లు, వేడి నీళ్ళు అన్నీ ఉన్న ఇళ్ళు. ఒకరు హోమ్ థియేటర్ పెట్టుకున్నామన్నారు. ఒకరి అత్తగారు రావాల్సి ఉంది, వచ్చే ఏడాది. ఒకావిడ ఆ పిల్లలు నీచు వండుతారా అని అడిగింది, ఇంకొకావిడ వండరేమో, మా ఇంట్లో సర్దుకోలేరేమో అంది. ఒక పెద్దమనిషి, "ఆడపిల్లలంటే బాధ్యతండి, మగపిల్లలైతే చూద్దును," అన్నాడు. అంతకుముందు ఎవరో మగపిల్లల కోసం అడిగినప్పుడు ఇదే మనిషి, ఇంట్లో ఎదిగిన ఆడపిల్ల ఉందన్నాడు. నేను కూడా ఒక సాకు చెప్పాను. మా ఇంట్లో అప్పుడు కార్పెట్ మారుస్తున్నాం. అది నిజమే. కాకపోతే కార్పెట్ మార్చడం రెండు రోజుల పని. ఫోన్ పెట్టేశాక నా గొంతు నాకే జిడ్డుగా తోచింది.

మొత్తం మీద ఏడుగురికి చోటు దొరికింది. మిగిలిన నలుగురిని ఆమె తన ఇంటికే తెచ్చుకున్నారు. మృదుల, వాసవి ఆ నలుగురిలో ఉన్నారు. అప్పుడు ఫోన్ చేశారు. ఇన్‌స్పెక్టర్లు వచ్చారు, చూశారు, బేస్‌మెంటుకు తాళం వేయించారు. ఏవో జరిమానాలు పడ్డాయి. విశ్వనాథం ఆ ఏడాది చివర్లో ఆ ఇల్లు లాభానికే అమ్ముకున్నాడు. ఈ ఊళ్ళో ఇళ్ళ ధరలు అలాంటివి.

నలుగురు పిల్లలతో కాపురం హాయిగా సాగిందని రాస్తే అబద్ధం. కోరి తెచ్చుకున్న పిల్లలే అయినా, స్నానాల గదిలో వెంట్రుకలు చూస్తే రూపవతి గారికి ఆ బేస్‌మెంటు తొట్టి గుర్తొచ్చి తిండి సయించేది కాదు. గట్టిగా అరిచేవారు, తర్వాత సిగ్గుపడేవారు. వాసవి రెండు నెలలుండి, ఒక మాటైనా చెప్పకుండా బ్రాంప్టన్ వెళ్ళిపోయింది. సాయం చేసినవాళ్ళ మీద పిల్లలకు ప్రేమ పుట్టాలని రూలేమీ లేదు కదా అనేవారు ఆమె. కానీ ఆ రోజు సాయంత్రం దాకా ఆ పిల్ల మంచం మీద దుప్పటి తియ్యలేదు.

అక్టోబరులో తెలుగువాళ్ళ కార్యక్రమం ఒకటి కమ్యూనిటీ హాల్లో జరిగింది. రూపవతి గారు వెళ్ళనన్నారు. మృదులకు పాట పాడే అవకాశం ఇచ్చారని తీసుకెళ్ళక తప్పలేదు. మధ్యలో వేదిక మీదికి విశ్వనాథాన్ని పిలిచి శాలువా కప్పారు. ఇక్కడికి వచ్చే విద్యార్థులకు అండగా నిలిచినందుకు అన్నారు. అతను మైకు పట్టుకుని, కొత్తగా వచ్చే పిల్లలకు గూడు చూపించడం మన బాధ్యత అని మాట్లాడాడు.  నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది.

రూపవతి గారు పక్కకు చూశారు. మృదుల కూడా చప్పట్లు కొడుతోంది.

ఆమె చూపు గమనించి ఆ పిల్ల చేతులు ఒళ్ళో దాచుకుంది. "అందరూ కొడుతుంటే చెయ్యి దానంతటదే లేచింది ఆంటీ," అంది, ఏడుపు గొంతుతో.

"పర్లేదులే," అన్నారు ఆమె. ముందున్న పళ్ళెం నెట్టేసి, ఆ పిల్ల పాట అయ్యేదాకా కూర్చుని, ఎవరినీ పలకరించకుండా వచ్చేశారు. నన్ను కూడా. నేను రెండు వరసల వెనకే ఉన్నాను. నేను చప్పట్లు కొట్టలేదు గాని, లేచి బయటకూ పోలేదు.

ఆ తర్వాత మనవాళ్ళు ఆ నర్సరీకి రావడం తగ్గించారు. ఇంటి సంగతులు సిటీకి మోసే మనిషి అని ఒక పేరు పడింది. ఆమె దాన్ని పట్టించుకోలేదు. చెర్రీస్ జూబిలీ కొనేవాళ్ళు తగ్గారులే అన్నారు నాతో ఒకసారి, నవ్వకుండా. ఇప్పుడు ఎవరి తోటకు ప్లాన్ గీయాలన్నా ముందు ఇంటి లోపలికి వెళ్ళి, మొక్క అడ్డం వచ్చే ప్రతి కిటికీ లోపలివైపు నుంచి చూసి వస్తారు. కొందరికి అది అమర్యాదగా ఉంటుంది. అలాంటివాళ్ళకు గీయరు.

ఒకసారి అడిగాను, విశ్వనాథం మీద ఇంకా కోపం ఉందా అని.

"కోపం ఎప్పుడో పోయిందండి," అన్నారు. "రోత పోలేదు. అదీ వాడి మీద కాదు. స్టోరేజ్ అన్నాడు, నేను సరే అన్నాను. కిటికీ ఉన్న స్టోరేజ్ ఎందుకని అడగాలనిపించలేదు నాకు. ఆ గోడ చూడగానే నా కళ్ళకి పూలు కనపడ్డాయి. అంతే."

మృదుల చదువు ముగించుకుని, మరుసటి జనవరిలో ఉద్యోగం కోసం విన్నిపెగ్ వెళ్ళింది. అక్కడ రాష్ట్రమే సిఫారసు చేసే ప్రావిన్షియల్ నామినీ దారిలో పీఆర్, అంటే ఈ దేశంలో శాశ్వతంగా ఉండే అనుమతి, త్వరగా వస్తుందని ఎవరో చెప్పారు. వెళ్ళిన నాలుగో రోజు పొద్దున్నే ఫోన్ చేసింది. గది చూసిందట, ఇంటాయన మనవాడేనట, ఒక్కదాన్నేనని తెలిసి నువ్వు నువ్వంటూ ఎట్లనో మాట్లాడుతున్నాడట.

"పెద్దోళ్ళెవరన్నా ఒకరు మాట్లాడితే బాగుంటది ఆంటీ. పక్కనే ఉన్నడు. ఇస్త."

రూపవతి గారు అప్పుడు నర్సరీ షెడ్డులో విత్తనాల ట్రేలు సర్దుతున్నారు. ఫోన్ చెవికి ఆనించుకున్నారు.

"ఎవరండీ, మీరు ఆ అమ్మాయికి ఏమవుతారు?" అన్నాడు అవతలి మనిషి.

"మేనత్తని," అన్నారు ఆమె.

"అలాగా అండి. నమస్తే అండి. మృదుల గారి గురించి మీరేం దిగులు పెట్టుకోకండి. మన అమ్మాయే అనుకోండి," అన్నాడతను. గొంతు క్షణంలో మారిపోయింది.

ఆ మెత్తదనం ఆమె ఇంతకుముందు విన్నదే. అయినా ఫోన్ పెట్టెయ్యలేదు. గది ఎన్నో అంతస్తు, ఇంట్లో ఎంతమంది ఉంటారు, పొగ వస్తే మోగే అలారం ఎక్కడ పెట్టారు, అన్నీ ఒక్కొక్కటిగా అడిగి, ప్రతి వారం ఫోన్ చేస్తానని చెప్పి, అప్పుడు పెట్టేశారు. పెట్టేసి ట్రేల దగ్గరికి తిరిగారు. ఆ తర్వాత ప్రతి శనివారం మధ్యాహ్నం, నేను చూసినంత కాలం, మేనత్తగా అతనితో మాట్లాడుతూనే ఉన్నారు.